గెస్ట్ హౌస్ కట్టే ముందు ఒక్క వానాకాలం ఆగండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. మా పల్నాడులో ఒక పాత మిషన్ కాంపౌండ్‌లో కొత్త గెస్ట్ హౌస్‌కి శంకుస్థాపన. బంతిపూల దండ వేసిన రాయి, తాపీ పట్టుకున్న పెద్దలు, వెనక షామియానా, దానికి కుడిపక్కన సగం కనబడుతున్న చింతచెట్టు. ఆ చెట్టును గుర్తుపట్టగానే నా గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఆ కాంపౌండ్ మొత్తంలో అంతకన్నా పల్లపు చోటు ఇంకోటి లేదు. ఈ మాట ఊహించి రాయడం లేదు. 2016 జులైలో ఆ నేలను అంగుళం అంగుళం కొలిచినవాణ్ణి నేనే.

నేను మండల సర్వేయరుగా పనిచేసి 2014 జనవరిలో రిటైరయ్యాను. ఆ చర్చి సంఘానికి చెందినవాణ్ణి కాదు. కానీ నేను పుట్టింది ఆ మిషన్ ఆసుపత్రిలోనే, 1956లో. నాగార్జునసాగర్‌కి నెహ్రూ గారు శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఊరి నుంచి రెండెడ్ల బండి మీద అమ్మను తీసుకొచ్చారట. మా నాన్న ఆ రాత్రంతా ఆ చింతచెట్టు కింద కండువా పరుచుకుని పడుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. మా వైపు పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ దొరసాని ఆసుపత్రి అనే అంటారు. అందుకని ఈ ఉత్తరంలో ఎవరినీ తప్పుపట్టాలని లేదు. గోడలు ఇంకా లేవలేదు కాబట్టి, ఇప్పుడు చెబితే ఉపయోగం ఉంటుందని రాస్తున్నాను.

2016లో అప్పటి సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చి, "గెస్ట్ హౌస్ కట్టాలనుకుంటున్నాం, ఎక్కడ కడితే బాగుంటుందో స్థలం కొలిచి చెప్పండి సర్వేయర్ గారూ" అని అడిగారు. సొంత పని లాగా చేశాను. కొలత గొలుసు పట్టే పనిలో నాతో 26 ఏళ్లు కలిసి తిరిగిన చైన్‌మన్ కూడా వచ్చాడు. అప్పటికి ఆయనా రిటైరయ్యాడు. ఇద్దరం పదకొండు రోజులు ఉన్నాం. మ్యాపు గీసి, ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో రాసి ఇచ్చాం. ఆ తరవాత డబ్బు సమకూరక పని ఆగింది, కమిటీ మారింది. ఇప్పుడు వేసిన ప్లాను నగరంలో ఉన్న ఒక ఆఫీసు వాళ్లు ఉపగ్రహం ఫొటో మీద గీసి పంపారని, మా మ్యాపు ఎవరికీ గుర్తు లేదని తెలిసిన వాళ్ల ద్వారా విన్నాను. ఉపగ్రహం ఫొటోలో చెట్టు కనబడుతుంది, రోడ్డు కనబడుతుంది, పెంకు కప్పు కూడా కనబడుతుంది. ఏది ఎత్తు, ఏది పల్లం అన్నది ఆ ఫొటో చూస్తే తెలియదు. ఖాళీగా ఉంది, రోడ్డు పక్కనే ఉంది, నీడ ఉంది అనుకుని ఆ చోటు ఎంచుకుని ఉంటారు. అది ఎన్నేళ్లుగా ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో ఎవరూ ఆలోచించలేదు.

ముందు హద్దుల సంగతి చెబుతాను. అది తేలకపోతే మిగతాదంతా వృథా.

పాత దస్తావేజులో ఆ కాంపౌండ్ 11 ఎకరాల 64 సెంట్లు. హద్దులు ఎలా రాశారంటే తూర్పు డొంక, దక్షిణం వాగు, పడమర పొలం గట్టు మీది తుమ్మచెట్టు, ఉత్తరం పుట్ట. ఇప్పుడు డొంక తారురోడ్డయింది. వాగు నాలుగైదు గజాలు పక్కకి జరిగింది. తుమ్మచెట్టు ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. పుట్ట ఉన్న చోట సెల్ టవరు ఉంది. ఇలాంటి కాగితం బీరువాలో ఉంటే స్థలం భద్రంగా ఉందని చాలా సంస్థలు అనుకుంటాయి. కాగితంలో ఉన్నది నేల మీదికి రావాలంటే ఎఫ్‌ఎంబీ కావాలి, రాయి కావాలి. ఎఫ్‌ఎంబీ అంటే ప్రతి సర్వే నంబరుకూ కొలతలతో గీసిన పటం. మా కాలంలో దాన్ని లింకుల్లో చదివేవాళ్లం. గొలుసు 66 అడుగులు, దానికి వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం.

రాయి దొరకడానికే మాకు రెండు రోజులు పట్టింది. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట ట్రై జంక్షన్ రాయి ఉండాలి. పటం ప్రకారం అది పాత వంటశాల వెనక ఉండాలి. అక్కడంతా సర్కారుతుమ్మ, బూడిదకుప్ప. మేం గడ్డపారతో తవ్వుతుంటే ఆసుపత్రిలో వంట చేసి మానేసిన ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. "దేనికోసం వెతుకుతున్నారు నాయనా?" అంది. "సర్వే రాయి మామ్మా, నలుపలకలుగా, పైన ఉలి గుర్తు ఉంటది" అన్నాను. ఆవిడ గబగబా వంటశాల పక్కకి నడిచి, కాలితో బూడిద తోసి చూపించింది. "ఇదా? దీని మీద మేం అల్లం వెల్లుల్లి నూరేవాళ్లం. గిన్నెలు బోర్లించేవాళ్లం. కదిలిద్దామంటే కదిల్తేనా!" ఆ రాయి ఒక జానెడు మాత్రమే పైకి ఉంది. నూరి నూరి పైభాగం నున్నగా అయిపోయింది. నీళ్లు పోసి చెయ్యి పెట్టి తడిమితే ఉలి గుర్తు వేలికి తగిలింది. నా సర్వీసులో ఎన్నో రాళ్లు వెతికాను. అంత సంతోషం ఏ రాయి దగ్గరా కలగలేదు. రాయి చోటు మారలేదు కాబట్టి అక్కడి నుంచి లెక్క నడిచింది.

పటంలో ఆ రాయి నుంచి పడమటి హద్దు దాకా 842 లింకులు. అంటే 169 మీటర్ల 40 సెంటీమీటర్లు. మేం టేపు లాగితే ఇప్పుడున్న కంచె దాకా 165 మీటర్ల 10 సెంటీమీటర్లే వచ్చింది. మూడుసార్లు లాగాం. పద్నాలుగు అడుగులు తేడా. కాంపౌండ్ మొత్తం చుట్టి కడితే 11 ఎకరాల 31 సెంట్లు తేలింది. 33 సెంట్లు తగ్గింది. దాదాపు 1600 గజాలు. అందులో 12 సెంట్లు రోడ్డు వెడల్పులో పోయింది, 8 సెంట్లలో దుకాణాలు లేచాయి, 13 సెంట్లు పడమటి పొలంలో కలిసింది. పొలంలో కలిసిందంటే ఎవరో రాత్రికి రాత్రి కంచె జరిపారని కాదు. ఏటా దున్నేటప్పుడు గట్టు వెంబడి ఒక్క చాలు లోపలికి వస్తుంది. యాభై ఏళ్లు వస్తే అంత అవుతుంది. ఆ రైతు తాత మొదలుపెట్టాడో, తండ్రి మొదలుపెట్టాడో ఆ రైతుకే తెలియదు. ఇలాంటివి కూర్చుని మాట్లాడుకుంటే తెగుతాయి. ప్రహరీ కట్టాక, గెస్ట్ హౌస్‌కి హద్దు వదలాల్సిన ఖాళీ లెక్క తప్పాక మాట్లాడితే కోర్టుకే పోతాయి.

ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో ప్రభుత్వం మొదలుపెట్టిన భూముల రీసర్వే ఊరూరా తిరుగుతోంది. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలు అందుకుని చోటు గుర్తించే రోవర్లతో కొలిచి, పాత ఎఫ్‌ఎంబీల బదులు కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాపులు ఇస్తున్నారు. ఆ పరికరాలంటే నాకు చాలా గౌరవం. మేం గొలుసుతో పూట పట్టే పని అవి నిమిషాల్లో, సెంటీమీటర్ల తేడాతో చేస్తాయి. కానీ రోవరు పట్టుకున్న కుర్రాడికి హద్దు ఇదీ అని చూపించే మనిషి పక్కన ఉండాలి. నోటీసు వచ్చిన రోజు పక్క రైతు వచ్చి నిలబడతాడు. మిషన్ భూములకి పట్టాదారు ఎక్కడో దూరాన ఉన్న సొసైటీ. నోటీసు ఆ పేరు మీద పోతుంది. స్థానికంగా ఉన్న పాస్టరు గారికి సంతకం పెట్టే అధికారం ఉండదు. చివరికి ఎవరు నిలబడితే వాళ్లు చూపించిన గట్టే పటంలోకి ఎక్కుతుంది. నా సర్వీసులో గుడి మాన్యాలకీ, బడి స్థలాలకీ, మిషన్ కాంపౌండ్‌లకీ ఇదే జరగడం చూశాను. అందరిదీ అయిన భూమికి పొలం మీద నిలబడే మనిషి ఉండడు. మిషన్ సొసైటీలు ప్రతి కాంపౌండ్‌కీ ఒక స్థానికుడికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలని ఈ ఉత్తరం ద్వారా వేడుకుంటున్నాను.

ఇక ఎత్తుపల్లాలు. నా ఫీల్డ్ బుక్ ఇప్పుడు నా ముందు ఉంది. చర్చి మొదటి మెట్టును 100.000 మీటర్లుగా పెట్టుకుని, పది మీటర్లకొక చోట స్టాఫ్, అంటే అంకెలున్న కొలత కర్ర, నిలబెట్టి డంపీ లెవెల్ అనే దుర్భిణితో చూశాం. ఉత్తరాన వాటర్ ట్యాంకు దగ్గర 100.640. పాత నర్సుల క్వార్టర్ల అరుగు దగ్గర 100.410. రోడ్డు నడిమధ్య 99.350. చింతచెట్టు మొదట్లో 98.120. అంటే చెట్టు రోడ్డు కన్నా నాలుగడుగులు కిందికి ఉంది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. పూర్వం ఉత్తరం నుంచి వచ్చిన వాననీళ్లు చెట్టు పక్కగా పారి, డొంక దాటి, ఆగ్నేయం మూలన వాగులో కలిసేవి. డొంక రోడ్డయినప్పుడు కింద తూము పెట్టారు. రోడ్డుకి తారు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన కొత్త పొర వేస్తూ పోయారు. రోడ్డు పెరిగింది, తూము మట్టితో పూడిపోయింది. మా చైన్‌మన్ కర్ర పెట్టి పొడిచి చూస్తే సగం కర్ర బురదలోకి దిగిపోయింది. ఇప్పుడు రోడ్డే కట్ట, లోపల కాంపౌండే చెరువు. మన జిల్లాల్లో రోడ్డు పక్క పాత ఇళ్లన్నీ మెట్లు దిగి లోపలికి వెళ్లేలా అయిపోయింది ఇందుకే.

లెవెల్ బుక్కులో అంకెలు చూపిస్తే పెద్దలకి అంతగా ఎక్కలేదు. ఏడో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పడింది. గంటన్నర. టేపు మడిచి వరండాలోకి పోబోతున్న చైన్‌మన్‌ని ఆపాను. ఇద్దరం పంచెలు ఎగ్గట్టి, చెప్పులు విప్పి, నీళ్ల వెంబడి నడిచాం. వేపాకు రెమ్మలు విరిచి ట్యాంకు దగ్గర నీళ్లలో వేశాం. ఒక రెమ్మ క్వార్టర్ల పక్కగా, ఇంకోటి చర్చి వెనకగా, వంకరటింకరగా పోయి, చివరికి రెండూ చింతచెట్టు కిందికే చేరి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. అక్కడ నీళ్లు నా మోకాలి కిందికి ఉన్నాయి. పాస్టరు గారు వరండాలో నుంచి చూస్తూ, "అయ్యో, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, నేను ఎప్పుడూ ఇలా చూడలేదండీ" అన్నారు. అది ఆయన లోపం కాదు. వాన వస్తే మనమందరం లోపలికే పోతాం. ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు మాత్రం ఒక్కసారి వానలో బయటికి రావాలి.

నేల సంగతి పల్నాడు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిస్తే చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. వాన పడగానే అదే నేల ఉబ్బి, నెర్రెలు మూసుకుంటాయి. ఏటా ఈ పొంగడం, కుంగడం మీద పునాది ఉంటే గోడలు మూలల దగ్గర ఏటవాలుగా చీలతాయి, తలుపులు వానాకాలం బిగుసుకుంటాయి. మేం మూడు చోట్ల గుంటలు తవ్వించాం. చింతచెట్టు దగ్గర ఏడడుగుల రేగడి, దాని కింద సుద్ద, ఆ కింద నాపరాయి పొర. క్వార్టర్ల దగ్గర అడుగున్నర మట్టి తీయగానే గట్టి మొరం తగిలింది. గడ్డపార ఖణేల్‌మంది. రేగడిలో కట్టలేమని కాదు. అడుగున ఉబ్బుగా ఉండే అండర్ రీమ్డ్ పైళ్లు ఉన్నాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మనలాంటి నేలల కోసమే వాటిని అభివృద్ధి చేసింది. సుమారు మూడున్నర మీటర్ల లోతుకి దించి, పైన బీములు కడతారు. కానీ ఇద్దరు అనుభవం ఉన్న మేస్త్రీలతో లెక్క వేయిస్తే, చెట్టు దగ్గర పునాది ఖర్చు క్వార్టర్ల దగ్గరి కన్నా రెట్టింపు దాటింది. పైగా నేలను నాలుగడుగులు మెరక చేయాలి. మెరక చేస్తే ఆ నీళ్లు ఆసుపత్రి ఓపీ వైపు తిరుగుతాయి. చందాలిచ్చిన వాళ్ల డబ్బు భూమిలోకి పోతుంది, నీళ్లు రోగుల కాళ్ల కిందికి పోతాయి.

మురుగు నీటి గురించి మాట్లాడటానికి జనం మొహమాటపడతారు, నేను పడను. గెస్ట్ హౌస్ అంటే గదికొక బాత్రూం. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు నేలలోకి ఇంకాలి. చెట్టు దగ్గర ఒక అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి, ముందురోజు నీళ్లతో నానబెట్టి, మర్నాడు సాయంత్రం నింపి పుల్ల గుచ్చి గుర్తు పెట్టాం. నీళ్లు ఒక అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. రాత్రి పది దాకా టార్చిలైటుతో చూశాం. పొద్దున్నే వచ్చి చూస్తే పుల్ల మీద గుర్తు అలాగే ఉంది, నీళ్ల మీద ఒక గండుచీమ తేలుతోంది. అదే క్వార్టర్ల దగ్గర గుంట గంటన్నరలో ఖాళీ అయింది. ఇంకని నేలలో ఇంకుడు గుంట కడితే ఆ మురుగు పైకే వస్తుంది. చెట్టుకి నలభై అడుగుల దూరంలో ఆసుపత్రి పాత బావి ఉంది. బోరు పాడైన రోజుల్లో ఇప్పటికీ ఆ నీళ్లే తోడతారు. బావికి సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంట కనీసం అరవై అడుగులు దూరం ఉండాలి, అదీ బావికి దిగువన ఉండాలి. పైగా ఇది పాతకాలం నేల కాదు. 1967 ఆగస్టులో సాగర్ కుడి కాలువకి నీళ్లు వదిలిన నాటి నుంచి మా పల్లపు పొలాల్లో ఊట పెరిగింది. చిన్నప్పుడు ఆ బావిలో నీళ్లు చూడాలంటే మెడ వంచి చూడాల్సి వచ్చేది. అక్టోబరులో ఇప్పుడు తొమ్మిది అడుగులకే నీళ్లు కనబడతాయి.

పాత దొరలు బంగళాని ఎక్కడ కట్టారో చూడండి. సరిగ్గా ఉత్తరపు మెరక మీద. అడుగున నాపరాయి, సున్నం కట్టుబడి, నిలువెత్తు అరుగు, మూడు వైపులా వరండా, పడమటి ఎండ గదిలోకి రాకుండా వేపచెట్ల వరస. వాళ్లకి డంపీ లెవెల్ ఉందో లేదో నాకు తెలియదు గానీ, నడిచారు. 1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారు ఆ తరవాత పల్నాడులో గురజాల దాకా వచ్చి పనిచేశారు. ఆ రోజుల్లో మన ఎండలో ఈ దారులన్నీ తిరిగిన మనుషులకి ఎక్కడ గాలి ఆడుతుందో, ఎక్కడ జ్వరం వస్తుందో ఒంటికి తెలిసి ఉంటుంది. వాళ్లు చేసిన ప్రతి పనీ గొప్పదని అనడం లేదు. ఇల్లు కట్టే చోటు ఎంచుకోవడంలో మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

ఇంకో సంగతి మెల్లగా చెప్పాల్సింది. తొమ్మిదో రోజు పడమటి కంచె పక్కన గుంట తవ్వబోతుంటే, తోటమాలి పరుగున వచ్చి ఆపాడు. "సార్, అక్కడ వద్దు. మా తాత చెప్పేవాడు, అక్కడ పసిబిడ్డల సమాధులు ఉన్నాయని." పైన గుర్తేమీ లేదు. గడ్డి మాత్రం మూడు చోట్ల చిన్న చిన్న తిన్నెలుగా ఉంది. ఎవరి బిడ్డలో, ఏ కరువులోనో, ఏ కలరాలోనో పోయినవాళ్లో తెలియదు. మేం అక్కడ తవ్వలేదు. మ్యాపు మీద ఆ చోటు చుట్టూ గీత గీసి "తవ్వరాదు" అని రాశాం. ఆ మ్యాపు పోతే ఆ మాట కూడా పోతుంది. కొత్త ప్లానులో కారు పార్కింగు ఆ వైపే చూపించారని విన్నాను. దయచేసి ఆ తోటమాలి కుటుంబాన్ని పిలిచి అడగండి.

గెస్ట్ హౌస్ ఎవరి కోసం అన్నది కూడా ప్లానులో భాగమే. ఎనిమిది ఏసీ గదులు అని మీ వార్తలో రాశారు. క్రిస్మస్‌కి అమెరికా నుంచీ, హైదరాబాద్ నుంచీ వచ్చే పూర్వ విద్యార్థులు, దాతలు ఉండటానికి గదులు ఉండాల్సిందే. వాళ్లు డబ్బులిస్తున్నారు, వాళ్ల పిల్లలకి ఆ ఊరు చూపించాలనుకుంటున్నారు, అది మంచిదే. కానీ మేం ఉన్న పదకొండు రాత్రుల్లో ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో, చర్చి అరుగు మీద, చెట్టు కింద పడుకున్న రోగుల బంధువుల్ని లెక్కపెట్టాను. నలభై ముగ్గురు. వాళ్లలో ఒక తాత మనవరాలి కాన్పు కోసం వచ్చి, తలకింద సంచి పెట్టుకుని, దోమలకి తువ్వాలు ముసుగేసుకుని పడుకుని ఉన్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. అరవై ఏళ్లయినా అదే చెట్టు కింద అదే పడక. గదుల పక్కన ఒక పొడవాటి హాలు, నాలుగు మరుగుదొడ్లు, వంట చేసుకోవడానికి గట్టు ఉంటే చాలు. నర్సుల క్వార్టర్ల చోటు ఆసుపత్రి గేటుకి తొంభై అడుగులే. రాత్రి పిలుపు వస్తే ముసలివాళ్లు కూడా నడిచి వెళ్లగలరు. ఆ చోటే మేలని మేం అప్పట్లో చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

కమిటీ పెద్దలకి నా మనవి ఇదే. వేసిన శంకుస్థాపన రాయిని తీసి మెరక మీద పెట్టడానికి నామోషీ పడకండి. ప్రార్థన చేసి పెట్టిన రాయి ఎక్కడ పెట్టినా పవిత్రమైనదే కదా. ఈ వానాకాలం అయ్యేదాకా జేసీబీని లోపలికి రానివ్వకండి. ప్లాను కాగితాన్ని నేల మీదికి దించి, మేకులు కొట్టి, సున్నంతో గదుల గీతలు పోయించండి. గట్టి వాన పడ్డ రోజు అందరూ వెళ్లి ఆ గీతల మధ్య నిలబడండి. తూము పూడిక తీయమని రోడ్ల శాఖ వాళ్లకి ఒక అర్జీ పెట్టండి, అది గెస్ట్ హౌస్ ఉన్నా లేకపోయినా కావాల్సిందే. హద్దుల కోసం మీసేవలో ఎఫ్-లైన్‌కి, అంటే సర్కారు సర్వేయరుతో హద్దు కొలిపించుకోవడానికి, దరఖాస్తు చేసి, పక్క రైతుని, దుకాణాల వాళ్లని ముందుగా పిలిచి కూర్చోబెట్టండి. ఎత్తుపల్లాల కొలత నా పాత లెవెల్‌తోనే చేయించాలని పట్టు లేదు. టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ కొలత పరికరం ఉన్న కుర్రవాళ్లు ఇప్పుడు నరసరావుపేటలోనూ దొరుకుతారు. ఒక్క రోజులో కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీసి ఇస్తారు. వాళ్ల మ్యాపు చూశాకే ఆ ఆఫీసు వాళ్లని మళ్లీ ప్లాను గీయమనండి.

మా మ్యాపు దొరక్కపోతే కంగారు పడొద్దు. అసలు కాపీ ఆఫీసు గదిలో పచ్చరంగు బీరువా కింది అరలో, రోలు చుట్టి, పసుపు గుడ్డలో కట్టి పెట్టాం. చెదలు పట్టి ఉంటే నా దగ్గర ఫీల్డ్ బుక్ ఉంది. 31వ పేజీ నుంచి 58వ పేజీ దాకా ఆ కాంపౌండే. ఒక్క పైసా తీసుకోకుండా మళ్లీ గీసి ఇస్తాను. మా చైన్‌మన్ రెండేళ్ల కిందట కాలం చేశాడు. టేపు రెండో చివర పట్టుకోవడానికి, స్టాఫ్ నిలువుగా పట్టుకోవడానికి ఇద్దరు కుర్రవాళ్లని ఇస్తే చాలు. ఏ ఆదివారమైనా ఆరాధన అయ్యాక వస్తాను. ముందుగా వంటశాల వెనక రాయి దగ్గర కలుద్దాం. దాని మీద మళ్లీ బూడిద పడకుండా చూడమని మాత్రం చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత మండల సర్వేయరు,
పల్నాడు జిల్లా